సీసా పుట్టే చోటు చూపించండి

ఒకటో రోజు

రాసుకో. నా పేరు గేదెల అసిరితల్లి. వయసు డెబ్బై ఒకటి. ఉండేది మూడో వీధిలో, తోటకూర మళ్ళ పక్కన. చదువు లేదు. చదువు అన్న చోట గీత పెట్టి వదిలెయ్యకు, లేదు అని రాయి. అందులో నాకు సిగ్గేమీ లేదు.

పని ఏమిటని అడుగుతున్నావు. సీసాలు కడిగేదాన్ని. మేము భూమి వదిలి ఈ నేల మీద దిగి నలభై రెండేళ్ళయింది. అందులో ముప్పై తొమ్మిదేళ్ళు కార్ఖానా కిటికీ పక్కన గట్టు మీద కూర్చుని, ఊరివాళ్ళు తిరిగి ఇచ్చిన పాత సీసాలూ పగిలిన పెంకులూ కడిగి లోపలికి పంపాను. మూడేళ్ళ కిందట ఆ గట్టు మూసేశారు. నీళ్ళు దండగ అన్నారు. ఇప్పుడు పాత సామాను కడక్కుండానే కిటికీలో పడేస్తున్నారు. నేను తోటకూరకు నీళ్ళు పెడుతున్నాను.

ఫిర్యాదు ఎవరి మీద? కార్ఖానా మీద. ఎవరి కోసం? నా చెల్లెలి కొడుకు కర్రి పోలినాయుడి కోసం. వాడు కిటికీ దగ్గర కొత్త సీసాలు దించుకుని, తోపుడు బండి మీద వీధి వీధికీ పంచుతాడు. యాభై ఏళ్ళవాడు. ఎవరైనా గట్టిగా తుమ్మితే తనదే తప్పనుకునే రకం. కిందటి నెల వాడి బండి మీద పదకొండు సీసాలు పగిలాయి. మోయడం చేతకాక పగలగొట్టాడని కార్ఖానా చెప్పింది. గాజు పాడుచేసినవాళ్ళు బయటి ఠాణాకి పోవాలన్నది ఊరి కట్టడి. ఇక్కడ అన్నీ గాజువే మరి. నీళ్ళ సీసా గాజు, కంచం గాజు, మళ్ళ మీద పైకప్పు గాజు. చెట్టు లేదు కాబట్టి కర్ర లేదు. ఇసుక మాత్రం కొండలకొద్దీ ఉంది. బయటి ఠాణా అంటే మూడేళ్ళు ఒంటికి గాలితొడుగు వేసుకుని ఆ ఇసుక తవ్వడం. పోయినసారి ముగ్గురు వెళ్ళారు. ఒకడు వచ్చాడు.

శిక్ష పడ్డవాడి తరఫున ఎవరైనా ముప్పై రోజులు వాదించుకోవచ్చు. అందుకే ఈ రాతపెట్టెను నాకు ఇచ్చారు. చెప్పిందంతా తీర్పరి వరూధినికి చేరుతుందట. ఇది నా మాటను పుస్తకం మాటగా దిద్దుతోందని తిరిగి చదివించుకుని విన్న పక్కింటి ఎర్రయ్యమ్మ చెప్పింది. దిద్దుకోనీ. కానీ మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాయమన్నాను. పోలినాయుడి నోట్లో వరూధిని మాట పెడితే వాణ్ణి వాడే గుర్తుపట్టడు.

నా కోరిక ఒకటే. కార్ఖానా తలుపు తీసి నన్ను లోపలికి పంపండి. సీసా ఎలా పుడుతోందో చూస్తే ఎందుకు చస్తోందో చెబుతాను.

మూడో రోజు

సీసాల గురించి ఈమెకేం తెలుసని తీర్పరి అడిగిందట. చెబుతాను, రాసుకో.

సీసా పక్కన గోటితో అడ్డంగా గీస్తే సన్నని గట్టు తగులుతుంది. దానికి సరిగ్గా ఎదురుగా అవతలి వైపు ఇంకొకటి. అంటే రెండు రెక్కల అచ్చు. తలుపులా మూసుకుని, తలుపులా తెరుచుకుంటుంది. మెడ కింద చుట్టూ మరో గట్టు. అంటే మెడకు వేరే అచ్చు. అడుగున ఒక మూల చిన్న ముడత. వేడిగా ఉండగా దేనితోనో కత్తిరించిన గుర్తు అది. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. ముప్పై తొమ్మిదేళ్ళు వేళ్ళతో చూసుకున్నాను. కళ్ళతో చూడనివ్వలేదు.

ఈ పిచ్చి నాకు ఇక్కడికి వచ్చాక పట్టింది కాదు. భూమి మీద, చిన్నప్పుడు, మా అమ్మ జూట్ మిల్లులో పనిచేసేది. గేటు బయట ఆమె కోసం ఎదురు చూసేటప్పుడు ఎదురుగా గోళీసోడా బండి ఉండేది. ఆ సీసా మెడలో గోళీ. మెడ సన్నం, గోళీ లావు. అది లోపలికి ఎలా వెళ్ళింది? మా అయ్యను అడిగితే "నోటితో ఊదీసుంటారే" అన్నాడు. సోడా అమ్మేవాణ్ణి అడిగితే "తాగీసి సీసా ఇచ్చీ" అన్నాడు. గేటు సందులోంచి మిల్లు లోపలికి తొంగి చూస్తే కాపలావాడు కర్ర చూపించాడు. గోనెసంచి కట్టుకుంటాం, పిన్నీసు పెట్టుకుంటాం, సబ్బు రుద్దుకుంటాం. అవి పుట్టే చోటు మాత్రం మనకు చూపించరు. పరాయివాళ్ళ వంటింట్లోంచి తెచ్చిన కూడులా, పెట్టింది తినడమే.

ఇక్కడ కూడా మొదటి నాలుగేళ్ళు కార్ఖానా తలుపు తీసే ఉండేది. మగవాళ్ళు లోపల పనిచేసేవారు. నాకు గట్టు మీద చేతినిండా పని. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. అంతలో ఇద్దరు మనుషులు కొలిమి పక్కన కాలిపోయారు. తలుపు మూసేశారు. అప్పటినుంచి లోపల పని మొత్తం మేస్త్రీదే. మేస్త్రీ అంటే మనిషి కాదు. కార్ఖానాను నడిపే బుర్ర. కిటికీ పక్కన దానికి ఒక గొంతు ఉంది. అన్నిటికీ "లెక్క ప్రకారం" అంటుంది.

ఏడో రోజు

ఇవాళ నా ఇంట్లోనే పగిలింది.

కొత్త సీసా. గూట్లో పెట్టి నాలుగు రోజులైంది, ఎవరూ ముట్టుకోలేదు. పొద్దున్న గోరువెచ్చని నీళ్ళు పోశాను. టప్ మని ఒక్క చప్పుడు. నీళ్ళు నా కాళ్ళ మీద. ఎర్రయ్యమ్మ పరుగెత్తుకొచ్చింది. ఎర్రయ్యమ్మ నాతో పాటే గట్టు మీద సీసాలు కడిగింది. నన్ను దెప్పకపోతే ఆమెకు పూట గడవదు.

"ఓలమ్మ! కేసు గెలవడానికి ఇంట్లో సీసాలు బద్దలుకొట్టుకుంటన్నావేటి వొదినా?"

"నోరుముయ్యే. ఒంగి సూడు. పగులు యెక్కడ మొదలైనాదో సూడు."

"నా కళ్ళకి నా కాళ్ళే కానరావు, పగులు కానొత్తాదేటి?"

"అయితే ఏలు పెట్టి సూడు."

ఇద్దరం నేల మీద కూర్చుని పెంకులు పేర్చాం. పగుళ్ళన్నీ ఒక్క చోటు నుంచి సాలెగూడులా బయలుదేరాయి. ఆ చోట గాజులో ఇరుక్కుని ఒక తెల్లని నలుసు. ఉడకని నూకంత ఉంది. గోటితో గీకితే గరుగ్గా తగిలింది. గాజు కాదది.

ఇద్దరం బయలుదేరి మూడు వీధులూ తిరిగాం. పగిలిన సీసా ఉన్న ప్రతి ఇంట్లో, పోలినాయుడి బండిలో పెంకులు అడిగి చూశాం. ప్రతిదానిలో నలుసు ఉంది. నాకు అంకెలు రాయడం రాదు కాబట్టి దొరికిన నలుసుకు ఒకటి చొప్పున దారానికి ముడి వేశాను. పెట్టె లెక్కపెట్టి ఇరవై ఆరు అంటోంది. ఆ ఇరవై ఆరింటిలో పోలినాయుడి బండి మీద పగిలినవి పదకొండే. తక్కినవి ఇళ్ళలో, గూళ్ళలో, మంచాల కింద పగిలాయి. పగిలేటప్పుడు వాటిని ఎవరు మోస్తున్నారు? ఎవరి చెయ్యి జారింది? రాశావా? దారం కూడా దీనితో జతచేయి. ముడులు విప్పొద్దని చెప్పు.

పదకొండో రోజు

కిటికీ దగ్గర విచారణ జరిగింది. తీర్పరి వరూధిని వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, ఈ నేల మీదే పుట్టింది. మంచి మాట, గట్టి ముఖం. పోలినాయుడు బండి పక్కన తల దించుకుని నిలబడ్డాడు. నేను పెంకులు, నలుసులు గుడ్డ మీద పరిచాను.

వరూధిని అడిగింది: "మేస్త్రీ, ఈ నలుసులు ఏమిటి?"

"కొలిమి గోడ ఇటుక" అంది మేస్త్రీ. దానికి దాచడం రాదు. అదొక్కటే దానిలో నాకు నచ్చింది.

నేను లేచాను. "విన్నావా తల్లీ? ఇటుక రాలి గాజులో పడతంది. గాజుకీ ఇటుకకీ పొత్తు కుదరదు. వెచ్చని కిటికీ కాడి నుంచి సల్లటి వీధిలోకి బండి రాగానే టప్ మంటంది. పోలినాయుడి సెయ్యి ఇందులో యెక్కడుంది?"

"కొలిమి గోడ రాలడం లెక్క ప్రకారం ఇంకా పన్నెండేళ్ళ తర్వాత జరగాలి" అంది మేస్త్రీ. "ఇప్పుడు రాలడానికి కారణం నా దగ్గర లేదు. కారణం లేనిదాన్ని నమోదు చేయలేను. మోసేటప్పుడు దెబ్బ తగలడం నమోదు చేయగలిగిన కారణం."

"ఓరి నీ లెక్క తగలెయ్య! గోడ రాలతందని నువ్వే సెప్పి, రాలకూడదని నువ్వే అంటావేటి?"

వెనక ఎవరో నవ్వారు. వరూధిని నవ్వలేదు. "అమ్మా, మేస్త్రీ కారణం చెప్పలేకపోతే మీరు చెప్పాలి. గోడ ఎందుకు రాలుతోంది?"

"లోపలికి పంపితే సెప్తాను."

"ముప్పై ఎనిమిదేళ్ళుగా మనుషులెవరూ వెళ్ళలేదు. మీకు డెబ్బై ఒకటి."

"నాకు తెలీదా నా వయసు?"

పంపనంది. పోలినాయుడు బండి తోసుకుంటూ నాతో పాటు వచ్చాడు. "వొద్దులే పెద్దమ్మా. మూడేళ్ళే కదా. ఎల్లి వొచ్చెత్తాను" అన్నాడు, పక్క వీధికి వెళ్ళొస్తానన్నట్టు.

"నువ్వు మాటాడకు. నీ తరఫున నాను మాటాడతన్నాను. మద్దిలో నువ్వొచ్చి మీ పెద్దమ్మ కేసు పాడుసెయ్యకు."

పదహారో రోజు

ఇవాళ పైకప్పు పగిలింది. రాసుకో.

తోటకూర కోస్తున్నాను. నెత్తి మీద గీత గీసినట్టు చప్పుడు. తల ఎత్తితే కొత్తగా బిగించిన పలకలో సాలెగూడు. బయట గాలి లేదు, లోపల ఉన్నదే మన గాలి. అది ఈలవేస్తూ బయటికి పోవడం మొదలుపెట్టింది. ఎర్రయ్యమ్మ నా కొంగు పట్టి తలుపు వైపు లాగింది. ఆడవాళ్ళందరం బయటపడ్డాం. పోలినాయుడు ఆ వీధిలోనే బండి తోసుకుంటూ వస్తున్నాడు. బండి వదిలేసి, తొడుగు కూడా వేసుకోకుండా లోపలికి ఉరికాడు. కమ్మీలు పట్టుకుని ఎక్కి, అతుకు గుడ్డను రెండు చేతులతో పగులు మీద నొక్కిపట్టి, పైన బంక పోసేదాకా అలాగే వేలాడాడు. దిగేసరికి చెవుల్లోంచి రక్తం. మడి మొత్తం ముడుచుకుపోయింది. ఆరు వారాల కూర.

పలక నడుమ తెల్ల నలుసు ఉంది. ముడి వేశాను. ఈ పలకను మోసింది కార్ఖానా ఇనుప చేతులే, మనిషి కాదు. బిగించిందీ అవే.

అయినా శిక్ష అలాగే ఉంది. పలక సంగతి వేరే విచారణ అట.

ఇక అడగడం అయిపోయింది. రేపటినుంచి నేను కిటికీ ముందు కూర్చుంటున్నాను. పాత గాజు ఒక్క పెంకు కూడా లోపలికి పోనివ్వను. గట్టు మీద పనిచేసినదాన్ని కాబట్టి నాకొక సంగతి తెలుసు. ఉత్త ఇసుక కరగాలంటే కొలిమికి ప్రాణం పోతుంది. పాత పెంకు తోడు పడితేనే తొందరగా కరుగుతుంది. పెంకు దానికి తోడు లాంటిది, పాలలో వేసే తోడు. అది లేకపోతే ఎన్నాళ్ళు నడుపుతుందో చూస్తాను.

ఇరవై రెండో రోజు

ఐదు రోజులు కూర్చున్నాం. మొదటి రోజు నేను, ఎర్రయ్యమ్మ. రెండో రోజు కూర పోయిన మడి ఆడవాళ్ళు పదహారు మంది. మూడో రోజుకు వీధే అక్కడికి వచ్చింది. పాత సీసాలు ఇళ్ళలో గుట్టలు పడ్డాయి. ఎర్రయ్యమ్మ నడుం పట్టేసి, పడుకుని ధర్నా చేసింది. "కూకున్నాఁవనే రాయించు, తొంగున్నాఁవని రాయించకు" అంది. రాయించేశాను.

ఇవాళ మధ్యాహ్నం మేస్త్రీయే మాట్లాడింది.

"అసిరితల్లి గారూ. పాత గాజు ఆగినప్పటినుంచి కొలిమిలో ఒక మార్పు కనిపిస్తోంది. మంచి మార్పు. కారణం నా దగ్గర లేదు. పాత గాజును మీకంటే ఎక్కువగా చూసిన మనిషి ఈ ఊళ్ళో లేరు. మీరు లోపలికి వచ్చి చూడాలి."

"ఏటన్నావు? మళ్ళీ సెప్పు."

"మీరు లోపలికి రావాలి."

"మళ్ళీ."

మూడుసార్లు చెప్పించాను. తీర్పరి ఒప్పుకుంది. రేపు పొద్దున్న.

ఇరవై మూడో రోజు

నేను లోపలికి వెళ్ళాను. ఈ ముక్క పెద్ద అక్షరాలతో రాయి.

నా మీద చల్లటి తొడుగు, ముఖానికి నల్ల అద్దం. లోపల మనిషి లేడు, దీపం లేదు. వెలుగంతా కొలిమిదే. పైనుంచి ఎర్రటి గాజు తాడులా దిగుతోంది. కత్తెర ఒకటి వచ్చి టక్కున కోస్తోంది. నిమ్మకాయంత ముద్ద జారి అచ్చులో పడుతోంది. అడుగున ఉండే ఆ ముడత ఈ కత్తెరదే! అచ్చు రెండు రెక్కలూ మూసుకున్నాయి. నేను ఏళ్ళ తరబడి వేలితో తడిమిన గట్టు ఆ రెండు రెక్కలు కలిసే చోటే. ఒక్కటే తప్పు లెక్క వేశాను. మెడ చివర పుడుతుందనుకున్నాను. కాదు. మెడే ముందు పుడుతుంది. ముద్ద తలకిందులుగా పడి, ముందు మెడ తయారై, ఆ మెడ పట్టుకుని తిప్పి, ఇంకో అచ్చులో పెట్టి, గాలి ఊదితే పొట్ట వస్తుంది. మన పిల్లల్లాగే తల ముందు.

నేను అక్కడే నిలబడిపోయాను. కదలమని మేస్త్రీ రెండుసార్లు చెప్పింది. "ఉండెహె, అరవై యేళ్ళ నుంచి సూడాలనుకుంటన్నాను" అన్నాను. ఊరుకుంది. నాలుగు సీసాలు పుట్టేదాకా చూశాను. ఎర్రగా పుట్టి, నారింజ రంగుకు తిరిగి, రంగు పోయి, మామూలు సీసా అవుతోంది. తర్వాత పొడుగాటి బాట మీద నెమ్మదిగా చల్లబడుతూ కిటికీ దాకా నడుస్తుంది. తొందరగా చల్లారిస్తే పగుల్తుందట. బాలింతను చూసుకున్నట్టు చూస్తోంది వాటిని, ఆ ఇనుప ముండ. నేను దాని మీద కేసు వేశాను. అయినా ఉన్నమాట రాయించాలి.

గోళీసోడా సంగతి కూడా అడిగాను. మెడ నొక్కకముందే గోళీ వేస్తారట. వేడిగా ఉండగా దాని పైన మెడను నొక్కేస్తారట. అంతే. అరవై ఏళ్ళకు ఒకరు సమాధానం చెప్పారు. అదీ మనిషి కాదు.

ఆ తర్వాత కొలిమి దగ్గరికి తీసుకెళ్ళి, నల్ల అద్దం బిగించిన కంతలోంచి చూడమంది. లోపల ఎర్రటి చెరువు. చుట్టూ గోడ చెదపురుగు తిన్నట్టు గుంటలు పడి ఉంది. చెరువు అంచున సన్నగా తెల్లని తెట్టు.

"ఆ తెట్టు మూడేళ్ళ కిందట మొదలైంది" అంది మేస్త్రీ. "అది ఉప్పు. ఉప్పు గాజులో కలవదు, పైకి తేలుతుంది. దాని ఆవిరి గోడను తింటుంది. గోడ నలుసులే మీ దారం ముడులు. ఉప్పు ఇసుకలోంచి వస్తోందనుకుని మూడు చోట్ల ఇసుక మార్చాను. తగ్గలేదు. మీరు పాత గాజు ఆపాక తగ్గింది. పాత గాజులో ఉప్పు ఉండడానికి కారణం లేదు. మీకేమైనా తెలుసా?"

నాకు తెలుసు.

కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి బయటికి వచ్చేశాను. పోలినాయుడు తలుపు దగ్గరే ఉన్నాడు. "ఏటి పెద్దమ్మా, సూసినావా?" అని నవ్వాడు. "సూసినాను" అన్నాను.

ఇరవై నాలుగో రోజు

రాసుకో. ఇది నా మీద సాక్ష్యం.

దిగిన మొదటి ఏడు, నా మొదటి సీసా పగిలింది. తిరిగి ఇవ్వడానికి కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. సీసా అడుగు భాగం చేతిలో ఉంది. కిటికీలో పెట్టబోతే చెయ్యి ముందుకు పోలేదు. ఒకరి గిన్నె మన ఇంటికి వచ్చిందంటే, దాన్ని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. చిన్నప్పటినుంచి మా అమ్మ చేయించిన అలవాటు. బెల్లం ముక్కో, నాలుగు గింజలో వేసి ఇస్తాం. ఇక్కడ బెల్లం లేదు, గింజలు కొలిచి ఇస్తారు. ఉప్పు మాత్రం ఉంది. నేల అడుగు మంచు కరిగించి నీళ్ళు తీస్తే యంత్రం అడుగున ఎంతో ఉప్పు మిగులుతుంది. కొంగున ఉన్న చిటికెడు ఉప్పు ఆ సీసాలో వేసి కిటికీలో పెట్టాను. వెనక నిలబడ్డవాళ్ళు చూశారు. "బాగుందే" అన్నారు. మర్నాటికి అందరూ వేస్తున్నారు. కొత్త కోడళ్ళకు అత్తలు నేర్పారు. చిటికెడు గుప్పెడైంది.

గట్టు ఉన్నన్నాళ్ళూ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదంటే, పొద్దున్న ఇళ్ళలో వేసిన ఉప్పును మధ్యాహ్నం గట్టు మీద నేనే కడిగేదాన్ని. వేసిందీ నేను, కడిగిందీ నేను. మర్యాద చేశాం, అయిపోయింది అనుకునేదాన్ని. గట్టు మూసేశాక ఉప్పు ఉప్పులాగే కొలిమిలోకి పోయింది. మూడేళ్ళుగా ఈ ఊరు ఊరంతా ప్రేమగా ఉప్పుచేత దాని గోడలు తినిపించింది.

ఎర్రయ్యమ్మకు చెప్పాను. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చింది.

"వొదినా, నోరు మూసుకో" అంది. "రేపటినుంచి ఉప్పెయ్యడం మానెద్దాం. గోడ అదే బాగవుద్ది. ఎవులికీ తెలీదు."

"తిన్న గోడ మళ్ళీ మొలుత్తాదేటే? ఇటుక మార్సాల. మార్సాలంటే ఎందుకు మార్సాలో దానికి తెలవాల. తెలవకపోతే మళ్ళీ పలక పగుల్తాది. ఈసారి నీ నెత్తి మీద."

"నువ్వు సెప్తే నిన్నంపుతారు బయటికి."

"సెప్పకపోతే ఆడ్నంపుతారు."

ఎర్రయ్యమ్మ కళ్ళు తుడుచుకుంది. "మరైతే నాను కూడా ఏసినాను ఉప్పు. నా పేరు కూడా రాయించు" అంది. గొయ్యిలో కూడా నా పక్కన పడుకుని దెప్పుతుందది.

ఇంతవరకూ చెప్పాక పెట్టె నన్నొక మాట అడిగింది. ఈ భాగం మీ వాదానికి నష్టం, తీసేయమంటారా అని.

ఉంచు.

ముప్పయ్యో రోజు

తీర్పు.

ఊరంతా వచ్చింది. వరూధిని ఇరవై నాలుగో రోజు మాటలు చదివి వినిపించింది. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరూ తలలు దించుకున్నారు. వేయని ఇల్లు లేదు కదా. వరూధిని కూడా తల ఎత్తకుండా చదివింది. ఆమె తల్లి ఆమెకు నేర్పి ఉంటుంది.

"అసిరితల్లి గారూ, తెలియక చేశానని చెప్పుకుంటారా?"

"తెలీకే సేసినాను. కానీ అందులో సగమే నాది. తెలుసుకోనివ్వలేదు, ఆ సగం మీది. నలభై యేళ్ళు ఆ కిటికీకి సీసాలిచ్చినాను. ఆటిని ఏటి సేత్తారో సూపించమంటే తలుపు మూసినారు. నిప్పు సూసుంటే అందులో ఉప్పు ఏస్తానా తల్లీ? ఆ మేస్త్రీ కూడా అంతే. గట్టు ఎందుకుందో దానికి తెలీదు, నీళ్ళు దండగని మూసీమంది. లోపలోళ్ళకి బయట తెలీదు, బయటోళ్ళకి లోపల తెలీదు. మద్దిలో పోలినాయుడు నలిగిపోనాడు. నన్ను ఠాణాకి పంపుతావా, పంపు. తొడుగు అలవాటైపోనాది. ఆ తలుపు మాత్రం తీసి ఉంచు."

వరూధిని కిటికీ వైపు తిరిగింది. "మేస్త్రీ, నువ్వేమంటావు?"

"కారణం నమోదైంది" అంది మేస్త్రీ. లెక్క ప్రకారం అనలేదు. "కడిగే గట్టు మూసినప్పుడు అక్కడ ఏం కడుగుతున్నారో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది."

పోలినాయుడి మీద శిక్ష కొట్టేశారు. కొలిమిని చల్లార్చి గోడ కొత్తగా కట్టాలి. దానికి నలభై రోజులు. అన్నాళ్ళూ కొత్త గాజు లేదు, ఉన్నవాటినే జాగ్రత్తగా వాడుకోవాలి. కార్ఖానా తలుపు ఇక తీసే ఉంచాలి, అడిగినవాళ్ళందరికీ చూపించాలి. నాకూ శిక్ష ఉంది. ఊరి గాజు పాడుచేసినందుకు, మళ్ళీ తెరవబోయే గట్టు మీద ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ పాత గాజు కడగాలి. గట్టు ఈసారి తలుపు లోపల కడతారట, కొలిమి కనిపించే చోట.

"ఇది శిక్షేనా తల్లీ?" అని అడిగాను.

"రాతలో శిక్షే" అంది వరూధిని. ఆమె నవ్వడం నేను చూశాను. పెట్టె చూడలేదు కాబట్టి నేను చెబుతున్నాను, రాసుకో.

ఎనభయ్యో రోజు

కేసు అయిపోయింది. పెట్టెను తిరిగి ఇచ్చెయ్యాలి. ఇచ్చేముందు ఈ కాస్త.

కొత్త గోడ కట్టాక కొలిమి పది రోజులుగా మండుతోంది. మొదటి సీసా పోలినాయుడే దించాడు. బండి మీద మూడు వీధులూ తిప్పి, వేడినీళ్ళు పోసి, చన్నీళ్ళు పోసి చూశాం. పగల్లేదు. దారం మీద కొత్త ముడి వేసి ఎన్నాళ్ళో అయింది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఉప్పు వేయొద్దని అందరికీ చెప్పాం. సరేనన్నారు. కానీ కిటికీ దాకా వచ్చి, ఖాళీ సీసా చేత్తో పట్టుకుని నిలబడిపోతున్నారు. పెట్టలేకపోతున్నారు. నాకు తెలుసు ఆ ఇబ్బంది. నా చెయ్యీ పోదు. అందుకని మేస్త్రీనే అడిగాను.

"ఓరి మేస్త్రీ, నీకేటి ఇట్టం?"

"నాకు ఇష్టం అంటూ ఉండదు. కొలిమికి శుభ్రమైన పెంకులు మంచివి."

"అదే ఇట్టమంటే."

ఇప్పుడు ఊరివాళ్ళు ఇంట్లో ఊడ్చిన గాజు నలుసులు, విరిగిన అంచులు కడిగి ఆరబెట్టి, గుప్పెడు సీసాలో వేసి తెస్తున్నారు. నేను గట్టు మీద మళ్ళీ ఒకసారి కడిగి పంపుతున్నాను. అవి కొలిమిలో పడి ఎర్రగా తిరగడం ఇక్కడ కూర్చుంటే కనిపిస్తుంది. ఎర్రయ్యమ్మ పక్కనే కూర్చుని, నేను సరిగ్గా కడగడం లేదంటోంది.

ఈ పెట్టె కూడా ఊరిదే, కాబట్టి దీన్నీ ఖాళీగా ఇవ్వను. ఇందులో నా మాటలున్నాయి. అవి చాలకపోతే, ఈ ఊళ్ళో ఏ వస్తువు ఎలా పుడుతుందో తెలుసుకోవాలనుకున్నవాళ్ళు నన్ను అడగక్కర్లేదు. వచ్చి చూసుకోండి. తలుపు తీసే ఉంది.